ఓనరు గారూ, దిగే దారి ఏది?

ఇల్లు కొన్నారు. హాస్టల్‌కు లీజుకిచ్చారు. అద్దె రావడం మొదలైందో లేదో నోటీసు కూడా వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ గల్లీల్లో కొత్తగా యజమానులైనవాళ్లు అగ్నిప్రమాదాల గురించి, వాటి చుట్టూ ఉన్న చట్టం గురించి తెలుసుకోవాల్సిన సంగతులతో ఈ వారం ముఖచిత్ర కథనం.

అశోక్‌నగర్ చౌరస్తా నుంచి ఏ గల్లీలోకి తిరిగినా గోడల మీద, కరెంటు స్తంభాల మీద, ట్రాన్స్‌ఫార్మర్ కంచెల మీద కూడా హాస్టల్ కాగితాలే కనిపిస్తాయి. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. వైఫై, గీజరు, మూడు పూటలా భోజనం. వాటి పక్కనే రీడింగ్ రూముల బోర్డులు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకనివాళ్లు నెలకింతని కట్టి ఈ గదుల్లో కూర్చుంటారు. నారాయణగూడ వైపు వెళితే ఆడపిల్లల కాలేజీల చుట్టూ లేడీస్ హాస్టళ్లు. గ్రూప్స్, ఎస్‌ఐ, డీఎస్సీ, బ్యాంకు, సివిల్స్... ఏ ప్రకటన పడినా ఆదిలాబాద్ నుంచి, నల్గొండ నుంచి, పాలమూరు నుంచి బ్యాగు భుజాన వేసుకుని పిల్లలు దిగేది ఈ మూడు పేటల్లోనే. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 ప్రకటన వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ కొత్త ప్రకటన. ఏడాదిలో తేల్చుకుని ఇంటికెళ్దామని వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి అదే మంచం మీద ఉండిపోయారు. మంచాలకు గిరాకీ పడిపోయిందే లేదు.

ఆ గిరాకీయే ఇళ్ల తీరు మార్చేసింది. ఒకప్పుడు లెక్చరర్లు, వకీళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు ముందు నందివర్ధనం చెట్టు పెట్టుకుని కట్టుకున్న ఇళ్లివి. పిల్లలు అమెరికా వెళ్లారు, పెద్దవాళ్లు అపార్టుమెంట్లకు మారారు. ఇల్లు అమ్మారు, లేదా పడగొట్టి స్టిల్టు మీద మూడంతస్తులు లేపారు. పైన పెంట్‌హౌస్ వేశారు. అలాంటి బిల్డింగును రిటైర్మెంటు డబ్బు పెట్టో, బ్యాంకు లోను తీసుకునో కొన్న కొత్త యజమాని దగ్గరికి హాస్టల్ నడిపే మనిషి వస్తాడు. “ఫ్యామిలీస్‌కిస్తే పోర్షన్‌కి ఎంతొస్తుంది సార్? మొత్తం బిల్డింగు మాకివ్వండి. మెయింటెనెన్సు, వాటర్ బిల్లు అన్నీ మావే. ఒకటో తారీఖుకల్లా మీ అకౌంట్లో పడిపోతుంది” అంటాడు. అడ్వాన్సు చేతిలో పెడతాడు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకాలు అయిపోతాయి.

ఆ అగ్రిమెంటులో అద్దె ఉంటుంది, ఏటా పెంచే శాతం ఉంటుంది, ఖాళీ చేసేటప్పుడు రంగులు ఎవరు వేయించాలో కూడా ఉంటుంది. లోపల ఎంతమంది పడుకుంటారన్నది మాత్రం చాలా అగ్రిమెంట్లలో ఉండదు.

మంచాల లెక్క, మెట్ల లెక్క

ఒక బిల్డింగును ఉదాహరణగా తీసుకుందాం. 200 గజాల స్థలం, స్టిల్టు, దాని మీద మూడంతస్తులు, అంతస్తుకు రెండు పోర్షన్లు. కుటుంబాలకిస్తే పోర్షనుకు నలుగురు, అంటే మొత్తం 24 మంది. అదే హాస్టలైతే హాల్లో ఆరు మంచాలు, ఒక్కో బెడ్‌రూములో నాలుగు. పోర్షనుకు 14 మంది. మూడంతస్తుల్లో 84 మంది. పైన పెంట్‌హౌస్‌లో పది మంది అదనం. మెట్లు మాత్రం 24 మంది కోసం వేసినవే. మూడున్నర అడుగుల వెడల్పు, ఒక్కటే దారి.

అగ్నిప్రమాద భద్రత అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గోడకు తగిలించే ఎర్ర సిలిండరు. అధికారి వచ్చి అడుగుతాడని కొని, ఎవరి చేతికీ అందని ఎత్తులో తగిలిస్తారు. అసలు ప్రశ్న మెట్ల దగ్గర ఉంది. రాత్రి రెండింటికి కింద పొగ లేస్తే, నిద్రలో ఉన్న 94 మంది ఎటు నుంచి బయటికి రావాలి? కొత్త యజమాని మొదట అడగాల్సింది ఇదే. నోటీసులు, జరిమానాలు, మరమ్మతుల ఖర్చు అన్నీ దీని తర్వాతి విషయాలు.

దేశానికంతటికీ ప్రమాణంగా ఉన్న 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి నివాస భవనాలన్నిటినీ ఒకే గాటన కట్టదు. సొంత ఇల్లు ఒక తరగతి, అపార్టుమెంటు ఒక తరగతి, హాస్టళ్లలాంటి సామూహిక వసతి ఇంకో తరగతి, హోటళ్లు మరో తరగతి. సొంత ఇంటి మెట్లకు మీటరు వెడల్పు చాలంటుంది, హోటల్‌కైతే మీటరున్నర కావాలంటుంది. ఈ తేడాకు కారణం ఉంది. ఇంట్లోవాళ్లకు ఇల్లు తెలుసు, ఒకరినొకరు లేపుకుంటారు. హాస్టల్‌లో నిన్న రాత్రి చేరిన కుర్రాడికి స్విచ్‌బోర్డు ఎక్కడుందో కూడా తెలియదు. అపార్టుమెంటుగా అనుమతి తీసుకున్న భవనంలో హాస్టల్ పెట్టిన రోజే భవనం వాడకం మారిపోయింది. ప్లానులో ఒకటి, లోపల ఒకటి. నోటీసులకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

“మా బిల్డింగుకు ఎన్‌ఓసీ అక్కర్లేదండీ”

ఈ మాట నిజమే కావచ్చు. తెలంగాణలో అమల్లో ఉన్న ఫైర్ సర్వీస్ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1999లో చేసింది. దాని 13వ సెక్షన్ ప్రకారం నివాస భవనం 18 మీటర్లు, వ్యాపార భవనం 15 మీటర్లు, ఆపైన ఎత్తుంటే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లలాంటి జనం గుమిగూడే చోట్లకైతే 500 చదరపు మీటర్ల స్థలం ఉన్నా, 6 మీటర్ల ఎత్తు ఉన్నా కావాల్సిందే. కోచింగ్ సెంటరుకో, పెద్ద రీడింగ్ హాలుకో అద్దెకిచ్చే యజమాని ఈ చివరి మాటను ఇంజినీరుతో కూర్చుని చదివించుకోవడం మంచిది.

మన గల్లీల్లోని స్టిల్టు ప్లస్ మూడు, స్టిల్టు ప్లస్ నాలుగు బిల్డింగులు చాలావరకు ఈ ఎత్తుల కిందే ఆగిపోతాయి. కాబట్టి ఎన్‌ఓసీ కాగితం అవసరం పడదు. కానీ ఎన్‌ఓసీ అక్కర్లేనంత మాత్రాన పొగ పైకి పాకకుండా ఆగదు, యజమాని బాధ్యతా తీరిపోదు. హాస్టల్‌కు జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు కావాలి. భవనం మంజూరైన ప్లాను ప్రకారం ఉండాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. అనుమతి లేని కట్టడమైతే జీహెచ్‌ఎంసీ చట్టం 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, 636 కింద తొలగింపు ఉత్తర్వు రావచ్చు. ఫైర్ సర్వీస్ చట్టం యజమానినీ, వాడుకుంటున్నవాణ్నీ ఇద్దరినీ బాధ్యుల్ని చేస్తుంది. “నేను బిల్డింగు మాత్రమే ఇచ్చాను, లోపల ఏం చేశారో నాకు తెలియదు” అన్న జవాబు నిలవదు.

ఈ నగరం చూసిన మంటలు

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన గదులు. కింద బ్యాటరీలు, బండ్లు అంటుకున్నాయి. పొగ మెట్ల దారిన పైకి ఎగబాకింది. పైన గదుల్లో ఉన్నవాళ్లకు దిగడానికి ఉన్నది ఆ మెట్లే. ఎనిమిది మంది చనిపోయారు. భవన యజమానినీ, ఆయన కొడుకునూ పోలీసులు అరెస్టు చేశారు. లాడ్జికీ షోరూముకీ ఒకే కప్పు కింద చోటిచ్చిన నిర్ణయం ఆ ఎనిమిది మందిలో ఒక్కరిది కూడా కాదు.

ఆరు నెలలకు, 2023 మార్చి 16 సాయంత్రం, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్. ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. పొగే వాళ్ల ప్రాణం తీసింది. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఇవాళ ఉన్నవాళ్లదీ ఇంచుమించు ఆ వయసే, ఆ ఊళ్లే.

అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్. నాలుగంతస్తుల అపార్టుమెంటు, కింద పార్కింగు ఉండాల్సిన చోట రసాయనాల డ్రమ్ములు. ఆ రోజే తొమ్మిది మంది పోయారు. వాళ్లు పైన అద్దెకున్న కుటుంబాలవాళ్లు. డ్రమ్ములు పెట్టించింది భవన యజమానేనని ఆయన మీద కేసు పెట్టారు. 2025 మే 18 తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. సొరంగంలాంటి ఒకే ఒక ఇరుకు దారి, సన్నటి మెట్లు. అది వాళ్ల సొంత ఇల్లే. ఇంటి ప్రతి మూలా తెలిసినవాళ్లే బయటపడలేకపోయారు.

హాస్టళ్ల సంగతే చెప్పుకోవాలంటే, 2024 సెప్టెంబరు 12న మదురైలో ఒక లేడీస్ హాస్టల్‌లో ఫ్రిజ్ పేలి ఇద్దరు చనిపోయారు. అంతకు ముందు ఏడాది జూన్ 15న ఢిల్లీ ముఖర్జీనగర్‌లో కోచింగ్ సెంటర్లున్న భవనంలో మంట లేచింది కరెంటు మీటర్ల దగ్గర. మెట్ల నిండా పొగ కమ్మడంతో పిల్లలు కిటికీల నుంచి తీగలు, తాళ్లు పట్టుకుని జారారు. ఎవరూ చనిపోలేదు, పదుల మందికి గాయాలయ్యాయి. 2019 మే 24న సూరత్ తక్షశిల ఆర్కేడ్‌లో అంత అదృష్టం లేకపోయింది. పై అంతస్తు మీద షెడ్డు వేసి క్లాసులు నడుపుతున్నారు. ఇరవై రెండు మంది విద్యార్థులు చనిపోయారు. మన డాబాల మీద రేకుల షెడ్డు కింద, ప్లైవుడ్ గోడల మధ్య నడిచే రీడింగ్ రూముల యజమానులు ఆ సూరత్ ఫొటోలు ఒకసారి తీసి చూడాలి.

బయటికి దారి గురించి చిక్కడపల్లికి వేరే ఊరి పాఠం కూడా అక్కర్లేదు. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు. చిక్కడపల్లి పోలీసులు పెట్టిన ఆ కేసులో థియేటర్ యాజమాన్యానికి చెందినవాళ్లూ అరెస్టయ్యారు. అది మంట కాదు. అయినా జనాన్ని లోపలికి రానిచ్చినవాళ్లే వాళ్లు బయటికి వెళ్లే దారికీ జవాబు చెప్పాల్సి వచ్చింది.

మెట్ల కింద ఏముంది?

ఏ హాస్టల్ బిల్డింగులోనైనా గేటు తీసి లోపలికి అడుగుపెట్టి మెట్ల కింద చూడండి. అరడజను కరెంటు మీటర్లు ఒక చెక్క పలక మీద ఉంటాయి. కొన్నిటికి మూతలుండవు. పక్కనే ఇన్వర్టరు, దాని బ్యాటరీలు. వాటిని ఆనించి బైకులు. ఈ మధ్య వాటిలో ఒకటో రెండో ఎలక్ట్రిక్ స్కూటర్లు, మీటరు బోర్డు నుంచే లాగిన తీగతో రాత్రంతా చార్జింగులో. విరిగిన మంచాలు, పాత పరుపులు, వాటర్ క్యాన్లు ఇంకో పక్క. రూబీ లాడ్జిలో మంట పుట్టించినదీ, ముఖర్జీనగర్‌లో మంట పుట్టించినదీ ఇక్కడ ఒకేచోట, ఉన్న ఒక్క దారి మొదట్లోనే ఉన్నాయి. మంట చిన్నదే అయినా సరే, ఫోము పరుపు అంటుకుంటే వచ్చే నల్లటి పొగ నిమిషాల్లో పై అంతస్తుకు చేరుతుంది. మెట్ల గది అప్పుడు పొగగొట్టమైపోతుంది. అందులోంచి దిగబోయినవాళ్లు కాలకుండానే కూలిపోతారు.

పైకి ఎక్కుదామంటే డాబా తలుపుకు తాళం. పిల్లలు డాబా మీద సిగరెట్లు తాగుతున్నారనో, పక్కింటివాళ్లు గొడవ పెడుతున్నారనో వేసిన తాళం అది. తాళంచెవి వార్డెన్ దగ్గర ఉంటుంది, వార్డెన్ కింద గదిలో పడుకుని ఉంటారు. లేడీస్ హాస్టళ్లలో ఇంకో కష్టం ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకో పదికో ఛానల్ గేటు లాగి తాళం వేస్తారు. ఆడపిల్లల భద్రత కోసమే వేస్తారు, అందులో అనుమానం లేదు. కానీ లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీసుకోగలిగే గడియలు బజార్లో దొరుకుతాయి. బయటివాళ్లు రాలేరు, లోపలివాళ్లు పోగలరు. పెద్ద ఖర్చేం కాదు, వడ్రంగి పూటలో బిగించిపోతాడు. ఈ ఒక్క పని చేయని లేడీస్ హాస్టల్‌కు బిల్డింగు అద్దెకివ్వకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కిటికీలకు బిగించిన ఇనుప గ్రిల్లుల మాటా అంతే. కోతులకు, దొంగలకు భయపడి బిగించినవి నిలువునా మూసేసి ఉంటాయి. అంతస్తుకు రోడ్డు వైపున్న ఒక కిటికీకైనా లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్లు ఉంటే, అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేసి దింపడానికి వీలవుతుంది. ముషీరాబాద్ నుంచో గౌలిగూడ నుంచో ఫైరింజను బయల్దేరినా, రెండువైపులా కార్లు, నెత్తిన కేబుల్ తీగలు ఉన్న గల్లీల్లో చివరి వంద గజాలు సిబ్బంది పైపు మోసుకుంటూ పరుగెత్తాల్సిందే.

వంటగదికి ఒక లెక్క ఉంది. హాస్టల్ మెస్సు వ్యాపారం కిందికే వస్తుంది కాబట్టి 14.2 కిలోల ఇంటి సిలిండరు అక్కడ వాడకూడదు, 19 కిలోలదే వాడాలి. లైసెన్సు లేకుండా ఒకచోట ఉంచుకోదగ్గ గ్యాసు మొత్తం 100 కిలోలు. అంటే 19 కిలోలవి ఐదు. ఆరోది తెచ్చిన రోజు నిబంధన తప్పినట్టే. ఇవి సెల్లారులోనో మెట్ల కిందో ఉండరాదు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేల మీద పాకుతూ పల్లానికి దిగి అక్కడే నిలుస్తుంది.

గదుల్లో కరెంటు సంగతి పిల్లలకూ తెలియాలి. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. గోడకున్న చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, అదే బాక్సుకు కెటిలూ ఫోన్ చార్జర్లూ పెడితే గోడలో తీగ వేడెక్కుతుంది. కుటుంబానికని వేసిన పాత వైరింగు మీద అంతస్తుకు నాలుగు ఏసీలు, రెండు గీజర్లు పెట్టినప్పుడు మంజూరైన లోడు పెంచుకున్నారా, వైరు మార్చారా అన్నది యజమాని చూసుకోవాల్సిన పని. లీకేజీ కరెంటును పసిగట్టి ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి అంతస్తుకూ పెట్టించడం వీటిలో అన్నిటికన్నా తేలిక.

కాగితం చేతికొచ్చాక

నోటీసు అందుకున్న కొత్త యజమాని మొదట చేసే పని తెలిసినవాళ్లకు ఫోన్లు. “ఎవరైనా ఉన్నారా లోపల?” అని. అందులో పోయే రోజులు జవాబివ్వడానికి ఉన్న గడువులోంచే పోతాయి. నోటీసులో ఏ సెక్షన్ రాశారు, ఎన్ని రోజులిచ్చారు, ఏ తప్పు చూపించారు అన్నవి ముందు చదవాలి. మంజూరైన ప్లాను చేతిలో లేకపోతే జీహెచ్‌ఎంసీ నుంచి నకలు తెచ్చుకోవాలి. లైసెన్సున్న ఇంజినీరును పిలిచి ప్లానునూ భవనాన్నీ పక్కపక్కన పెట్టి చూపించుకోవాలి. సరిచేయగలిగినవి వెంటనే సరిచేసి, ఫొటోలు, బిల్లులు జతపెట్టి, మళ్లీ తనిఖీకి రమ్మని రాతపూర్వకంగా అడగాలి. గడువు కావాలంటే అదీ రాతలోనే. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. కానీ అదే కోర్టు మరుసటి నెలలో ఇంకో తీర్పులో అంతే స్పష్టంగా ఇంకో మాటా చెప్పింది. ఏళ్లు గడిచాయనో, డబ్బు పెట్టామనో, అధికారులు ఊరుకున్నారనో అక్రమ కట్టడం సక్రమం కాదు.

“ఆస్తిపన్ను కడుతున్నాం కదా” అని చాలామంది అంటారు. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. “క్రమబద్ధీకరణకు అప్లికేషన్ పెట్టి ఉంది” అంటారు ఇంకొందరు. 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికి ఆ ఏడాది ప్రభుత్వం తెచ్చిన పథకం కోర్టుకెక్కింది. దరఖాస్తు రసీదు పట్టుకుని కూర్చుంటే మెట్లు వెడల్పు కావు. 2012 భవన నిబంధనల్లో సెట్‌బ్యాకులు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) 10 శాతం లోపు తప్పితే జరిమానాతో మన్నించే వీలుంది. అనుమతి లేని అంతస్తుకు ఆ వీలు లేదు.

ఇంకా కొననివాళ్లకు ఈ కాగితాల పరిశీలన మరీ ముఖ్యం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. జీహెచ్‌ఎంసీ ఇచ్చిన నోటీసు అందులో ఉండదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఆస్తిలోని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పాల్సిందే. అయితే మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడి కంటపడే లోపానికి ఆ రక్షణ వర్తించదు. పెంట్‌హౌస్ కళ్లెదుటే ఉంది, ప్లానులో లేదు. ప్లాను అడగకపోవడం కొనేవాడి తప్పవుతుంది. కాబట్టి ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా, పెండింగు నోటీసులు లేవని అమ్మేవాడి చేత రాయించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

లీజు కాగితంలో మంచాల సంఖ్య రాయించండి. రాతపూర్వక అనుమతి లేకుండా పార్టిషన్లు, షెడ్లు వేయకూడదని, మూడు నెలలకోసారి లోపలికి వచ్చి చూసే హక్కు యజమానికి ఉంటుందని రాయించండి. ఏడాదికి మించిన లీజైతే రిజిస్టరు చేయించండి. ఇన్సూరెన్సు నివాస గృహమని చెప్పి తీసుకుని లోపల హాస్టల్ నడిపిస్తే, ప్రమాదం రోజున కంపెనీ మొదట పట్టుకునేది ఆ తేడానే. వాడకం ఏమిటో పాలసీలో ఉన్నదున్నట్టు చూపించాలి.

డబ్బుతో అయ్యేది, కానిది

పైన చెప్పుకున్న పనుల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. మీటరు బోర్డును మెట్ల కింద నుంచి మార్చడం, లోపలి నుంచి తెరుచుకునే గడియలు, గ్రిల్లు తలుపు, ప్రతి గదిలో బ్యాటరీతో నడిచే పొగ అలారం, మెట్లలో కరెంటు పోయినా వెలిగే లైటు, ఐఎస్‌ఐ గుర్తున్న ఏబీసీ పౌడర్ సిలిండర్లు. ఎక్కడ మంట లేచినా 15 మీటర్ల లోపు నడిస్తే చేతికందేలా సిలిండరు ఉండాలన్నది భారతీయ ప్రమాణం. సిలిండరు మీది మీటరు ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో నెలకోసారి చూడాలి, దాన్ని వాడటం వార్డెన్‌కూ వంటమనిషికీ నేర్పించాలి. విదేశాల్లో ఉంటూ పవర్ ఆఫ్ అటార్నీ మీద ఇక్కడి బిల్డింగు నడిపించే యజమానులకు పొగ అలారం కొత్త కాదు. టెక్సాస్‌లో అద్దెకిచ్చే ఇంట్లో ప్రతి పడగ్గదికీ పొగ అలారం యజమానే పెట్టించాలి. డాలస్‌లో పాటించేదాన్ని దోమలగూడలో పాటించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

డబ్బుతో కానిది రెండో మెట్ల దారి. పక్కింటికీ మనకూ మధ్య మూడడుగుల సందున్న చోట బయటి నుంచి ఇనుప మెట్లు వేయడానికి జాగా ఉండదు. వేస్తే సెట్‌బ్యాకు తప్పు ఇంకొకటి తోడవుతుంది. అప్పుడు మిగిలే మార్గం ఒక్కటే, మంచాలు తగ్గించడం. పార్టిషన్లు తీసేయాలి, పెంట్‌హౌస్ ఖాళీ చేయాలి, డాబా మీద షెడ్డు పీకేయాలి. మన ఉదాహరణలోని 94 మంది 40 మందికి దిగితే అద్దె సగానికన్నా కిందికి పడిపోతుంది. లోను మీద కొన్నవాడికి ఈఎంఐ మాత్రం తగ్గదు. ఆ బాధ చిన్నది కాదు, తెలుసు. అయితే 94 మంచాల అద్దె చూపించి చెప్పిన రేటు ఆ బిల్డింగు అసలు విలువ కాదు. ఆ మెట్ల మీద ఎంతమంది దిగగలరో అంతమంది అద్దెతోనే కొనేవాడు లెక్క కట్టుకోవాలి, లోను ఇచ్చే బ్యాంకూ అలాగే కట్టాలి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. 2024 జులైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సెల్లారు లైబ్రరీలోకి నీళ్లు వచ్చి ముగ్గురు చనిపోయాక ఇక్కడా కోచింగ్ సెంటర్ల సెల్లార్ల మీద తనిఖీలు మొదలయ్యాయి. ప్రతి ప్రమాదం తర్వాతా ఇలాగే మొదలవుతాయి. కానీ యజమానికి ఏం చేయాలో చెప్పే ఒక కాగితం తెలుగులో సులువుగా దొరకదు. ట్రేడ్ లైసెన్సు ఒకచోట, ప్లాను ఒకచోట, ఫైర్ ఒకచోట, కరెంటు ఒకచోట. ఎత్తు తక్కువ హాస్టళ్లకు ఒకటే చిన్న తనిఖీ పత్రం, ఒకటే కౌంటరు, సరిచేసుకోవడానికి నిజాయితీగా ఆర్నెల్ల గడువు ఇస్తే చాలామంది యజమానులు ముందుకొస్తారు. ఎంతమందికి అనుమతి ఉందో గేటు మీద బోర్డు పెట్టాలన్న నిబంధన తెస్తే, చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులే లెక్క చూసుకుంటారు.

అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఓనరు గారూ, ఈ ఆదివారం రాత్రి పదకొండుకు మీ బిల్డింగుకు వెళ్లండి. వార్డెన్‌ను లేపకుండా ఛానల్ గేటు లోపలి నుంచి తెరుచుకుంటుందేమో చూడండి. డాబా తలుపు చూడండి. మెట్ల కింద ఏముందో చూసి, సోమవారం పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కూ వడ్రంగికీ ఫోన్ చేయండి. హాస్టల్‌లో చేరబోయే పిల్లలు కూడా అడ్వాన్సు కట్టే ముందు ఇవే మూడు చూడండి, లేకపోతే పక్క హాస్టల్‌కు వెళ్లండి. ఫైర్ సర్వీస్ నంబరు 101.